కారం వేయకముందే తీసిన కూర

కరోనాకు ముందటి ఏడాది వేసవి మొదట్లో నేను గుంటూరులో గూడ్స్ లోకో పైలట్‌గా పనిచేస్తున్నాను. ఇల్లు నల్లపాడులో. అక్కడ చీలి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ మీదుగా నంద్యాల వెళ్ళే లైను మీద సిమెంటు, బొగ్గు, ఎరువుల బళ్ళు నడిపేవాణ్ణి. ప్యాసింజర్ బళ్ళకు ప్రమోషన్ వచ్చే వరసలో నా పేరు దాదాపు పైకి చేరింది. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన ప్రమోషన్ అది. సరిగ్గా అప్పుడే పీరియాడికల్ మెడికల్‌కు పిలుపొచ్చింది.

ఈ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. రైలు నడిపేవాళ్ళకు ఏ-వన్ అనే మెడికల్ కేటగిరీ ఉండాలి. అన్నిటికన్నా కఠినమైనది అదే. చూపు, రంగులు గుర్తుపట్టడం, బీపీ, షుగరు అన్నీ చూస్తారు. వయసు పైబడేకొద్దీ ఈ పిలుపు త్వరత్వరగా వస్తుంది. అన్నీ బాగుంటే ఫిట్ అని రాస్తారు. బాగాలేకపోతే సిక్ లిస్టులో పెడతారు, అంటే ఇంజను ఎక్కనివ్వరు. వైద్యానికి కొంత గడువిచ్చి మళ్ళీ చూస్తారు. అప్పటికీ దారికి రాకపోతే కేటగిరీ తగ్గించి ఏ ఆఫీసులోనో, స్టోర్సులోనో కూర్చోబెడతారు. జీతం ఎక్కడికీ పోదు. కానీ ఇంజను పోతుంది. ఎంత మొండి పైలట్‌కైనా ఆ మాట వింటే ఒళ్ళు చల్లబడుతుంది.

నాకు చూపు బాగానే ఉంది. షుగరు దగ్గర దొరికిపోయి సిక్ లిస్టులో పడ్డాను. రైల్వే ఆసుపత్రిలో డాక్టరుగారు ముక్కుసూటి మనిషి. మాత్రలు రాసిచ్చి, ఇవి సగం పనే చేస్తాయనీ, మిగతా సగం నా కంచంలో ఉందనీ అన్నారు. అన్నం, పిండిపదార్థాలు బాగా తగ్గించి కూరలు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు ఎక్కువ తినమన్నారు. నేను తలూపి వచ్చేశాను. నిజం చెప్పాలంటే ఆవిడ చెప్పినదాంట్లో 'అన్నం' అన్న ఒక్క మాటే నా చెవిలో పడింది.

మా ఇంట్లో వంటిల్లు మా అమ్మది. నా భార్య సరళ మంగళగిరిలో స్కూలు టీచరు, పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. అమ్మది ప్రత్తిపాడు వైపు మిరప పండించే ఊరు. నేను సంగతి చెప్పగానే గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఏందిరా నువ్వు చెప్పేది? అన్నం తినకపోతే అంత బండి ఎట్టా తోలతావు? కళ్ళు తిరిగి పడిపోతే?"

"తింటే అసలు బండే ఉండదమ్మా," అన్నాను.

ఇంటిల్లిపాదీ నాతో పాటు మానాలని నేను కోరలేదు. వాళ్ళూ మానతామనలేదు. మా అమ్మాయి అయితే మొహమాటం లేకుండా, "షుగర్ నీకొచ్చింది, నేనెందుకు మానాలి నాన్నా?" అంది. సరళ దాన్ని కసిరింది గానీ మాటలో తప్పేమీ లేదు. కాబట్టి ఇంట్లో వంట మారలేదు. మధ్యాహ్నం వాళ్ళంతా వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకుంటుంటే నేను టీవీ చూస్తున్నట్టు నటించేవాణ్ణి.

ఇక్కడే మా తెలుగు ఇళ్ళలో మాత్రమే జరగగల పొరపాటు ఒకటి జరిగింది. మాకు అన్నం మానడం కొత్తేమీ కాదు. శనివారం రాత్రి మానతాం, ఏకాదశికి మానతాం. ఆ పూట పస్తుండం, పలహారం చేస్తాం. పలహారమంటే ఇడ్లీ, ఉప్మా, అట్టు. అవి తిన్నవాడు అన్నం తిన్నట్టు లెక్క కాదు. డాక్టరు మాటను అమ్మ అచ్చంగా అలాగే తీసుకుంది. కొడుకు రోజూ ఒంటిపొద్దులో ఉన్నాడు, వాడికి నీరసం రాకూడదు. అంతే, ఒక రోజు ఉప్మా పెట్టిన పెసరట్టు, ఒక రోజు దిబ్బరొట్టె, ఒక రోజు నెయ్యి వేసిన గోధుమరవ్వ ఉప్మా. నేనూ భక్తిగా తిన్నాను. ఒక్క మెతుకు ముట్టలేదని ఫోన్లో తోటి పైలట్ల దగ్గర గొప్పలు కూడా పోయాను.

గడువు మధ్యలో రక్తపరీక్షకు వెళితే షుగరు దిగకపోగా కాస్త పెరిగింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి నా వంక చూశారు. ఇలాగే ఉంటే తాను చేయగలిగింది ఏమీ లేదన్నారు. నాకు కోపం ముంచుకొచ్చింది. అన్నం వాసన పీల్చుకుంటూ బతుకుతున్న మనిషిని, అబద్ధం చెబుతున్నానంటారా అని కాస్త గట్టిగానే అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. రాత్రి ఏం తిన్నారని అడిగారు. పెసరట్టు, ఉప్మా అన్నాను. పొద్దున? ఇడ్లీ. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగాక, ఇడ్లీ దేంతో చేస్తారో తెలుసా అన్నారు. అప్పటికి నాకు వెలిగింది.

మా పనిలో ఒక నియమం ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి, పైలట్ కూడా చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరూ ఒకటే చూశారని తేలాకే బండి ముందుకు పోతుంది. జీవితమంతా ఆ నియమం పాటించినవాణ్ణి, డాక్టరు చెప్పింది మాత్రం ఒకసారి తిరిగి చెప్పి సరిచూసుకోలేదు. ఈ మాట ఆవిడతో అన్నాను. ఆవిడ ఇంట్లో వండేది ఎవరని అడిగారు. మా అమ్మ అన్నాను. రేపు ఆమెను తీసుకురమ్మన్నారు.

మర్నాడు అమ్మ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. డాక్టరుగారి ముందు కూర్చోగానే తానే ముందు నోరు తెరిచింది.

"వీడి ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టానా తల్లీ?"

డాక్టరుగారు లేచి వచ్చి పక్కన కూర్చున్నారు. అదేమీ లేదనీ, ఇంకా సమయం ఉందనీ చెప్పారు. అమ్మ కళ్ళు తుడుచుకుని అడిగింది: "ఏం పెట్టకూడదో చెప్పారు, బాగానే ఉంది. ఏం పెట్టాలో చెప్పండి. కడుపు నిండాలి గదా."

ఆ ప్రశ్న నేను అడగనేలేదు. ఆవిడ తీరిగ్గా చెబుతూ పోయారు. అమ్మ ఒక్కొక్కటీ తిరిగి అడిగి ఖాయం చేసుకుంది. రవ్వ? వద్దు. అటుకులు? వద్దు. జొన్నరొట్టె? ప్రస్తుతానికి వద్దు. గుడ్డు? పెట్టండి. వేరుశనక్కాయలు? గుప్పెడు పెట్టండి. గోంగూర? ఎంతైనా పెట్టండి. సిగ్నల్ తిరిగి చెప్పడమంటే అలా చెప్పాలి.

అయితే ఇంటికొచ్చాక అసలు చిక్కు బయటపడింది. గుంటూరు కూర ఉత్తగా తినడానికి పుట్టలేదు. దాని కారం, ఉప్పు, పులుపు అన్నీ గుప్పెడన్నంలో కలిసి సర్దుకోవాలి. అన్నం లేకుండా బీరకాయ కూర గిన్నెడు తినబోయేసరికి మొదటి పూటే నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. కోడి పులుసు సంగతి చెప్పనక్కర్లేదు. మంచినీళ్ళతోనే కడుపు నిండిపోయింది. కారం తగ్గించి వండితే మిగతావాళ్ళు తినరు. అమ్మే తినదు. చప్పిడి కూర ఆమెకు కూరే కాదు.

అప్పుడు అమ్మ తన పద్ధతి తానే కనిపెట్టింది. కూర ఉడికి, కారం వేసే ముందు ఆగేది. నా వాటా పెద్ద గిన్నెలోకి తీసి, దానికి వేరే మిరియాల పొడీ జీలకర్రా చల్లేది. ఆ తర్వాత మిగిలిన కూరలో మామూలుగా చేతి నిండా కారం వేసేది. పొయ్యి ఒకటే, కూర ఒకటే, రుచులు రెండు. మొదట్లో మరిచిపోయి అంతటికీ కారం వేసేసి, నాలిక కరుచుకుని నాకు మళ్ళీ రెండు గుడ్లు పొరటేది. ఒక్కోసారి రోజుకు రెండుసార్లు పొరటేది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సరళ స్కూలు నుంచి వస్తూ బజారులో దిగి ఆకుకూరలూ చేపలూ తెచ్చేది. అమ్మాయి నోరు జోరే గానీ, నా ముందు మిఠాయి డబ్బా తెరవడం తనంతట తానే మానేసింది. ఎవరూ అన్నం మానలేదు. కానీ నా కంచం ఖాళీగా కనబడకుండా ముగ్గురూ చూశారు.

ఆఖరి పరీక్ష ఆవకాయల రోజుల్లో పడింది. ఆ వారంలోనే మా ఇంట్లో ఆవకాయ కలిపారు. కలిపిన బేసిన్‌కు అంటుకున్న పిండిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, అమ్మ అందరి చేతుల్లో తలా ఒక ముద్ద పెడుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ముద్ద తప్పలేదు. ఆ రోజు సరళకు పెట్టింది, అమ్మాయికి పెట్టింది, నా దగ్గరకొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆ ఒక్క ముద్దతో ఏమవుతుందని ఆమె అంటే తిని ఉండేవాణ్ణే. అంతగా నోరూరింది.

ఆమె అనలేదు. ముద్ద తానే తినేసింది. జాడీలకు గుడ్డలు కట్టి అటక మీదికి ఎక్కించమంది. ఆవకాయ దగ్గరికి నీసు రాకూడదు గదా, అందుకని అవి వెళ్ళేదాకా ఆగింది. తర్వాత ఉడికించిన గుడ్డు తెచ్చి, రెండుగా చీల్చి, ఆ బేసిన్ అంచుల్లో నెయ్యి వేసి బాగా రాసి నా అరచేతిలో పెట్టింది.

"తిను. ఇదీ ముద్దే."

కళ్ళ నీళ్ళు వచ్చాయి. కారానికే అన్నాను.

పరీక్షలో షుగరు అదుపులో ఉందని తేలింది. మాత్రలు ఆపకూడదనీ, తరచు చూపించుకోవాలనీ షరతు పెట్టి డాక్టరుగారు ఫిట్ రాశారు. రెండు రోజుల్లో డ్యూటీ ఎక్కాను. పైలట్లు సామాన్లతో పాటు మోసుకెళ్ళే ఇనప్పెట్టెను లైన్ బాక్స్ అంటాం. అందులో అమ్మ సర్దిన గిన్నెలు చూసి నంద్యాలలో మేం విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూంలో తోటివాళ్ళు, "ఏంది బాబాయ్, అన్నం ఇంట్లో మర్చిపోయావా?" అని ఆటపట్టించారు. ఆ ఏడాదిలోనే ప్యాసింజర్ బళ్ళకు ప్రమోషన్ వచ్చింది. రిటైరయ్యేదాకా ఇంజను మీదే ఉన్నాను. ఆ అదృష్టంలో నా నిగ్రహం వాటా చాలా తక్కువ.

ఈ మధ్య షుగరు బయటపడ్డ పైలట్లు ఫోన్ చేసి ఏం తినాలన్నా అని అడుగుతుంటారు. తినాల్సినవి డాక్టరు చెబుతారు, నేను చెప్పేది ఒక్కటే. ఆసుపత్రికి ఒక్కడివే వెళ్ళకు, నీకు వండిపెట్టే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వు వెనక నిలబడు.