ఫోను మోగాల్సిన పొద్దున

ఆ ఏడాదంతా నేను చేసిన పనేమిటో చెబితే మా ఇంట్లోవాళ్లకే నవ్వొచ్చేది. వాక్యాలకు సాక్ష్యం వెతకడం. మా బ్యాంకు తరతరాలుగా కొద్దిమంది పార్ట్‌నర్ల సొంతం. కంపెనీలు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం దాని వ్యాపారం. అలాంటిది షేర్లు అమ్మి పబ్లిక్ కంపెనీ కాబోతోంది. దానికి ముందు ప్రాస్పెక్టస్ అని ఒక లావుపాటి పుస్తకం అచ్చేయాలి. అందులో ప్రతి వాక్యానికీ రుజువు చూపించి, కింద ఒక మనిషి సంతకం పెట్టాలి. "మా ఉద్యోగులు మాతో ఏళ్ల తరబడి ఉంటారు" అని లాయర్లు ఏసీ గదిలో కూర్చుని హాయిగా రాసేస్తారు. ఎవరున్నారు, ఎన్నేళ్లున్నారు, కాగితమేది అని పడిగాపులు పడేది నేను.

మా ఫ్లాట్ బూన్ లేలో, ఆఫీసు చాంగీ బిజినెస్ పార్క్‌లో. ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి ప్రయాణం. పొద్దున ఎక్స్‌పో స్టేషన్‌లో దిగేసరికే ఒళ్లు హూనమయ్యేది. తీరా కుర్చీలో కూర్చుంటే లాయర్లు ఏదో ఒక పేజీ మార్చి ఉండేవాళ్లు. పేజీ మారితే దాని సాక్ష్యాలన్నీ మళ్లీ మొదటికి. తల ప్రాణం తోకకొచ్చిందంటే ఏమిటో ఆ ఏడాదే తెలిసింది.

నా పై అధికారి ఒంగోలు మనిషి. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. మొదటిరోజు సార్ అంటే, ఇక్కడ సార్లెవరూ లేరమ్మాయ్, పేరు పెట్టి పిలువు అన్నారు. నాకు నోరు రాలేదు. చివరికి అన్నగారు అన్న పిలుపు దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. పద్దెనిమిదేళ్లుగా చాంగీ ఆఫీసును ఆయనే నడిపిస్తున్నారు. డీల్స్ చేసేవాళ్లు సిటీలో అద్దాల మేడలో ఉంటారు. వాళ్లు చేసినవాటి కాగితాలు, పొరపాట్లు సర్దేది మేం. సర్దేవాళ్లను పార్ట్‌నర్లు చేసే అలవాటు మా బ్యాంకుకు లేదు. అయినా ఈసారి ఆయనకు ఖాయమని ఆఫీసంతా అనుకుంది. ఎందుకంటే ఇదే ఆఖరుసారి. పబ్లిక్ కంపెనీ అయ్యాక పార్ట్‌నర్ అనే హోదాయే ఉండదు. అందుకే చివరగా ఒక జట్టును చేర్చుకుని తలుపు మూసేస్తామన్నారు.

పార్ట్‌నర్‌ను చేసుకునేటప్పుడు మా బ్యాంకులో ఒక ఆచారముంది. ఉత్తరం రాదు, ఈమెయిల్ రాదు. చెప్పిన రోజు పొద్దున ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య పెద్ద పార్ట్‌నర్ స్వయంగా టేబుల్ మీది ఫోనుకు చేస్తారు. మామూలు రోజుల్లో ఆ ఫోనును ముట్టేవాళ్లుండరు. ఆ పొద్దున మాత్రం ఎవరూ ఎవరి టేబుల్ ఫోనుకూ చేయరు. ఆశ ఉన్నవాళ్లు ఏడున్నరకే వచ్చి కూర్చుంటారు. మనిషి సీట్లో లేకపోతే ఫోను మళ్లీ రాదని ఒక నమ్మకం. నిజమో కాదో ఎవరూ పరీక్షించి చూడలేదు. తొమ్మిదయ్యాక కూడా మోగకపోతే లేచి కాఫీ తెచ్చుకుంటారు. కాఫీకి లేచినవాళ్లను ఎవరూ పలకరించరు.

ఆ ఫోన్లు గురువారం అన్నారు. సోమవారమే లాయర్ల దగ్గర నుంచి నాకొక పేజీ వచ్చింది. సంస్థ పార్ట్‌నర్ల పూర్తి జాబితా, కొత్తవాళ్లతో సహా. అందులో ప్రతి పేరుకూ నేను సాక్ష్యం చూడాలి. పైనుంచి కిందకి చదివాను. మళ్లీ చదివాను. ఇంటిపేరు ముందో వెనకో పడి ఉంటుందని అలా కూడా వెతికాను. అన్నగారి పేరు లేదు. ఎవరికీ చెప్పనని ఆ పేజీ తెరిచేముందే సంతకం పెట్టి ఉన్నాను. చూసిన సంగతి ముఖంలో కూడా కనపడకూడదమ్మాయ్ అని నాకు ఆ పని నేర్పింది కూడా ఆయనే.

జాబితా నా టేబుల్ మీదుగానే పోతుందని ఆయనకు తెలుసు. సోమవారం అడగలేదు. మంగళవారం అడగలేదు. అడిగితే కోప్పడి తప్పించుకుందునేమో, ఆ మంచితనమే నన్ను ఎక్కువ సతాయించింది. బుధవారం మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో నాకోసం టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్ల పద్ధతిలో కుర్చీ చోప్ చేసి, అంటే పట్టి ఉంచారు. తింటూ తింటూ, ప్లేటులోకే చూస్తూ మాట్లాడారు.

"రేపు పొద్దున పాప స్కూల్లో బ్యాండ్ ప్రోగ్రాం. ఫస్ట్ టైం ఒక్కతే వాయిస్తంది, క్లారినెట్. ఎనిమిదిన్నరకి. పోనా అమ్మాయ్, ఉండనా?"

వెళ్లండి అంటే జాబితా చదివి వినిపించినట్టే. మీ ఇష్టం అన్నా అంతే, ఫోను వచ్చే మనిషితో ఎవరైనా మీ ఇష్టమంటారా? ఏమీ తెలియని మనిషైతే ఏమంటుందో అది అనాలనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు గుర్తున్నది ఆయనా కాదు, పాపా కాదు. నేను పెట్టిన సంతకం.

"ఉండండి అన్నగారూ," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. ముఖం విప్పారింది. అప్పుడర్థమైంది నేనేం చేశానో. ఉండమన్నది సలహా అనుకోలేదు ఆయన. కబురనుకున్నారు. కాదని చెప్పడానికి నాకు దారి లేదు. తిన్న ప్లేట్లు తీసి పెట్టడానికి నాకంటే ముందు లేచి, ఏదో కూనిరాగం తీసుకుంటూ వెళ్లారు.

గురువారం కొత్త చొక్కా వేసుకొచ్చారు. ఏడుంపావుకే కూర్చున్నారు. నాకు ఎదురుగా, రెండు టేబుళ్ల అవతల. ఎనిమిదయింది. ఫ్లోరంతా కీబోర్డుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎనిమిదీ నలభైకి ఆయన మొబైల్ గుయ్యిమంది. వదిన స్కూలు నుంచి వీడియో పంపి ఉంటుంది. ఆయన ఎవరి నుంచో మాత్రం చూసి, మొబైల్‌ను బోర్లించి పెట్టి, మళ్లీ టేబుల్ ఫోను వైపు తిరిగారు. ఆ వీడియో అయినా చూడండి అని అరవాలనిపించింది. అరవలేదు. నేను బాగా తర్ఫీదయిన ఉద్యోగిని.

తొమ్మిదయింది. తొమ్మిదీ పది వరకూ కూర్చునే ఉన్నారు. తర్వాత లేచి వెళ్లి, రెండు కప్పుల కాఫీ తెచ్చి ఒకటి నా ముందు పెట్టారు.

"నువ్వు ఉండమంటే వస్తదనుకున్నా," అన్నారు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

నాకు సిగ్గేసింది. తప్పయిపోయింది అందామంటే, జాబితా అందరికీ చెప్పేది మధ్యాహ్నం. అప్పటిదాకా అదీ అనకూడదు. కాఫీ తాగాను.

ఆ సాయంత్రంలోపు ఆయన చేత ఒక సంతకం పెట్టించాలి. ఉద్యోగులు ఏళ్ల తరబడి ఉంటారన్న వాక్యానికి నేను జతచేసిన రుజువుల్లో మొదటిది ఆయన సర్వీసు కాగితం. ఎప్పుడో నెలల కిందట పెట్టుకున్నది, మార్చడానికి లాయర్లు ఒప్పుకోలేదు. కాగితం తీసుకెళ్లి నిలబడ్డాను. ఆయన మొత్తం చదివారు. ఇందులో అబద్ధమేం లేదులే అని సంతకం పెట్టి ఇచ్చారు. ఆ వారంలో నేను గట్టిగా ఏడ్చింది ఆ సాయంత్రమే, ఇంటికి వెళ్తూ ఎక్స్‌పో స్టేషన్ ఎస్కలేటర్ మీద. ఒకావిడ టిష్యూ ప్యాకెట్ ఇచ్చి వెళ్లింది.

షేర్లు మార్కెట్లోకి వచ్చిన రోజు ఆఫీసులో కేక్ కోశారు. పిల్లల్ని తీసుకురమ్మన్నారు. ఎవరో మైకు పట్టుకుని, ఈ రోజు నుంచి మనమందరం యజమానులమే అన్నారు. చప్పట్లు కొట్టాం. అన్నగారు అందరికంటే వెనక, ప్రింటర్ పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పటికి ఆయన మామూలుగానే ఉంటున్నారు నాతో. ఆ బుధవారం మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మర్చిపోయుంటారని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

పాప కేక్ ప్లేటుతో నా టేబుల్ దగ్గరికి వచ్చింది. పన్నెండేళ్లది, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. నా కుర్చీనీ, దాని ఎదురుగా వాళ్ల నాన్న కుర్చీనీ మార్చి మార్చి చూసింది.

"ఆంటీ, యూ టోల్డ్ డాడీ టు స్టే, ఆ?"

అడగడంలో నిష్ఠూరం లేదు. ఇంట్లో విన్నది నిజమో కాదో తెలుసుకోవాలని అడిగింది, నేను ఏడాది పొడుగునా అందర్నీ అడిగినట్టే. టేబుల్ మీద ఇంకా ఆ లావుపాటి పుస్తకం ఉంది. నేను సాక్ష్యం చూడని వాక్యం అందులో ఒక్కటీ లేదు.

"అవునమ్మా," అన్నాను. "నేనే ఉండమన్నాను."

ఓకే అంది. కేక్ ప్లేటు నా టేబుల్ మీదే వదిలేసి, వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోయింది.