అంగుళం కిందికి

నేను చెప్పేదాంట్లో సగం కోసేసి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేసి నమ్మాలని మా వన్ టౌన్ బజారులో అందరికీ తెలుసు. ప్రకాశం బ్యారేజీ మీద నా బండితో పందెం వేసి ఎగిరిన కొంగ ఒకటి సగం దారిలో అలసిపోయి, వచ్చి నా ట్యాంకు మీద వాలిందని చెప్తే, ఎదురు కొట్టు స్టీలు సామాన్లాయన "దానికి హెల్మెట్ పెట్టావా?" అని అడిగాడు. అంచేత నా కుడి మోకాలు నిజంగా పాడైనప్పుడు ఒక్కరూ నమ్మలేదు. వాళ్ల తప్పేం లేదు.

యాభై రెండేళ్లు నాకు. అందులో ముప్పై ఏళ్లు గోనెసంచుల కొట్టులో, పరుపు మీద మఠం వేసుకుని గడిపాను. మోకాలి చిప్ప కింద గుజ్జు అక్కడే అరిగిపోయింది. నలభై ఎనిమిదో ఏట ఒక ఎర్ర స్పోర్ట్స్ బండి కొన్నాను, సెకండ్ హ్యాండ్. దాని మీద కూర్చుంటే ముందుకు వంగి, కాళ్లు వెనక్కి మడుచుకుని, గోడ దూకబోయే దొంగలా ఉంటాం. వారానికి ఆరు రోజులు గోనె దుమ్ము. ఆదివారం తెల్లవారగానే కరకట్ట ఎక్కి, ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటితోటలు పెట్టుకుని పోవడం. నేను చెప్పే కథలన్నీ ఆ రోడ్డు మీద పుట్టినవే. ఆ ఒక్క పూట లేకపోతే ఆదివారం కూడా సోమవారమే.

డాక్టరు చీటీ వెనక పెన్నుతో మోకాలి బొమ్మ గీశాడు. "ఇంతకన్నా మడవకండి. మడిచారో, ఆపరేషన్ దాకా వస్తారు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ చీటీని బండి పక్కన పెట్టి చూశాను. ఫుట్ రెస్టు మీద కాలు పెడితే నా మోకాలు ఆ గీత కన్నా చాలా ఎక్కువ మడత పడుతోంది.

మా ఆవిడ ఆ చీటీ చదివింది. అదే సాయంత్రం గుడివాడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. బండి మీద వాడికి నాలుగేళ్లుగా కన్ను.

"బావగారూ, మీరు పక్కన పెట్టేస్తే నాకిచ్చెయ్యండి. కన్నబిడ్డలా చూసుకుంటా."

"నీ కన్నబిడ్డల్ని ఎలా చూస్తున్నావో చూస్తూనే ఉన్నాంగా" అన్నాను.

మా ఆవిడ ఫోన్ లాక్కుని పెట్టేసింది. "నెల రోజులు టైమిస్తున్నా. అవనిగడ్డ దాకా వెళ్లి రండి. వచ్చి మన రెండంతస్తుల మెట్లూ రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కండి. ఎక్కితే బండి మీది, లేదంటే మా తమ్ముడిది. నేను పైన నిలబడి చూస్తుంటా. మీ మాట మాత్రం నమ్మను."

బండి మార్చలేను, మోకాలు మార్చలేను. మిగిలింది ఆ రెంటి మధ్యనున్న ఫుట్ రెస్టు. దాన్ని జరుపుకునేలా విడిగా అమ్ముతారని తెలిసింది. ఒక ప్లేటు, దానికి వరసగా బెజ్జాలు. ఏ బెజ్జంలో బిగిస్తే అక్కడ కాలు. కొట్టులో బేరాలు వదిలేసి ఫోన్లో వాటినే చూశాను. పైకెత్తేవి, కిందికి దించేవి, వెనక్కి జరిపేవి, రబ్బరువి, పళ్లున్నవి. చివరికి బెంగళూరు నుంచి అమ్మే ఒకాయనకు ఫోన్ చేశాను.

"హైటెంత సార్?"

"ఐదూ ఎనిమిది."

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఇరవై నాలుగేళ్ల కిందట పెళ్లిచూపులకు మడమ ఎత్తున్న బూట్లు వేసుకెళ్లి ఐదూ ఎనిమిదని చెప్పాను. తర్వాత లైసెన్సులో అదే రాయించాను. ఇన్నేళ్లలో అది నాకే నిజమైపోయింది.

"ఎలా తోలతారు సార్?"

అడిగినవాడు ముక్కూ మొహం తెలియనివాడు. "మోకాలు నొప్పి బాబూ" అంటే సరిపోయేది. నోరు ఊరుకోదే. "మలుపుల్లో బండి ఎంత వాలుస్తానంటే, మోకాలు రోడ్డుకి తగులుతుంది" అన్నాను.

"అబ్బో! అయితే మీకు రేసింగ్ సెట్టే సార్. నేను పంపిస్తా."

అడ్జస్టబుల్ అన్నాడు కదా, ఎలాగూ కిందికి దించుకుంటాం అనుకున్నాను. పార్సిల్ వచ్చింది, బిగించారు. అప్పుడు తెలిసింది, అందులో అన్నింటికన్నా కింది బెజ్జం కూడా పాత ఫుట్ రెస్టు కన్నా ఎత్తులో ఉందని. ఎక్కి కూర్చుంటే మడమ వచ్చి తుంటిని పలకరించింది.

భవానీపురంలో మొదటి సిగ్నల్ దగ్గర ఆగాను. బండి ఆగింది. కాలు మాత్రం పైనుంచి దిగనంది. నేనూ బండీ కలిసి నెమ్మదిగా, మర్యాదగా, కుడిపక్కకి ఒరిగిపోయాం. రోజూ నాకు ఇడ్లీ పెట్టే తోపుడుబండి ఆయన పరుగెత్తుకొచ్చి లేపుతూ, "ఏం సార్, ఇవ్వాళ మోకాలు రోడ్డుకి తగిలిందా?" అన్నాడు. ఆ గొప్ప ఆయనకీ చెప్పి ఉన్నాను మరి.

నవ్వడానికి ప్రయత్నించాను. రాలేదు. పేవ్‌మెంటు మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావలసి వచ్చారు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులూ అయ్యాక ఏముంది? అదే పరుపు, అదే దుమ్ము, పక్క కొట్టువాళ్లకి చెప్పిన కథలే మళ్లీ చెప్పుకుంటూ, అవి కూడా అరిగిపోయేదాకా. మొక్కుకుందామన్నా ఈ ఊళ్లో దారి లేదు. అమ్మవారు ఇంద్రకీలాద్రి మీద, మరియమాత గుణదల కొండ మీద. మోకాలు పోయినవాడి గోడు వినడానికి కింద ఒక్కరూ లేరు. గుణదల వెళ్లి మెట్ల దగ్గరే కొవ్వొత్తి వెలిగించి, పైకి చూసి దండం పెట్టి వచ్చాను. మా ఆవిడకి చెప్పలేదు. చెప్తే నమ్మేది కాదు.

కానీ సిగ్నల్ దగ్గర పడ్డప్పుడు ప్యాంటుకి అంటిన మట్టి ఆవిడే ఉతికింది. మర్నాడు పొద్దున "పదండి" అని తన స్కూటీ తీసింది. వెనక నేను. బండిని ముందే ట్రాలీ ఆటోలో పంపించింది. వన్ టౌన్‌లో ఎవరైనా చూస్తారేమోనని దారంతా హెల్మెట్ తియ్యలేదు.

ఆటోనగర్‌లో లేత్ మిషను పెట్టుకున్న ముసలి భాయ్ ఒకాయన ఉన్నాడు. కళ్లద్దాలకి ట్వైన్ దారం కట్టుకుని ఉంటాడు. నా రేసింగ్ సెట్టుని చేత్తో తడిమి చూశాడు.

"సెట్టు మంచిదే సార్. మీ కాలూ మంచిదే. ఈ సంబంధం మాత్రం కుదరదు."

అది విప్పేసి, పాత ఫుట్ రెస్టుకే కిందికి దించే ప్లేటు ఒకటి చేసిస్తానన్నాడు. మూడు బెజ్జాలు పెడితే అటూ ఇటూ జరుపుకోవచ్చట. సుద్దముక్క తీసి నేల మీద గీస్తూ, "హైటెంత?" అన్నాడు.

మా ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఐదూ ఎనిమిది" అన్నాను.

"అయితే రెండంగుళాలు దించుదాం. పొట్టివాళ్లకైతే దించను సార్. బ్రేకు అందదు. కరకట్ట మీద గేదె అడ్డమొస్తే ఇంక అంతే. మీకు పర్లేదు, పొడుగు కాలు."

బ్రేకు అందదని తెలిసింది, గేదె కళ్ల ముందు కనపడుతోంది, అయినా పొడుగు కాలే అన్నట్టు తలూపాను. భాయ్ సుద్దతో రెండంగుళాల గీత గీసేశాడు.

"ఐదడుగుల ఐదున్నర రాసుకోండి భాయ్" అంది మా ఆవిడ. "ప్యాంటు లోపలి కుట్టు ఇరవై ఏడున్నర. పెళ్లైన దగ్గర్నుంచీ ప్రతి ప్యాంటూ టైలరు దగ్గరికి తీసుకెళ్లి మడిపించేది నేనే." నా వైపు తిరిగింది. "ఏవండీ, బ్రేకు దగ్గర కూడానా?"

భాయ్ గీత చెరిపేశాడు. నవ్వలేదు, అది ఆయన పెద్దమనిషితనం. నన్ను బండెక్కించి, తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి దారం పట్టి చూశాడు. జేబులోంచి డాక్టరు చీటీ తీసిచ్చాను. దాన్ని నా మోకాలి పక్కన పెట్టి, కాలు కాస్త కిందికి, కాస్త ముందుకి జరిపించాడు. అంగుళం కిందికి, అరంగుళం ముందుకి వచ్చేసరికి గీతా మోకాలూ కలిశాయి. బ్రేకు పెడల్ అంగుళానికి మించి దిగదట, దాన్నీ అంత మేరకు దించాడు. "మలుపుల్లో మరీ వాల్చకండి, ప్లేటు రోడ్డుకి రాసుకుంటుంది" అన్నాడు.

"ఈయన వాల్చేది మాటల్లోనే" అంది ఆవిడ.

గడువు ముగిసే ఆదివారం బయల్దేరాను. తోట్లవల్లూరు దాటేదాకా మోకాలు ఉన్నట్టే తెలియలేదు. మోపిదేవి దగ్గర మొదలైంది, చిన్న సలుపు. అవనిగడ్డలో టీ నిలబడే తాగాను, కూర్చుంటే లేవలేనేమోనని. తిరిగొచ్చేటప్పుడు నొప్పి ముందు కూర్చుని నన్ను వెనకెక్కించుకుంది. యనమలకుదురు దగ్గర ఆగిపోదామనిపించింది. బండి ఆపి దిగితే మళ్లీ కాలు ఎత్తి ఎక్కలేనని తెలుసు కాబట్టి ఆగలేదు.

ఇంటికొచ్చి స్టాండు వేశాను. పైన వరండాలో మా ఆవిడ నిలబడి ఉంది, చెప్పినట్టే. మొదటి అంతస్తు చేతులు జేబుల్లో పెట్టుకుని ఎక్కాను. మలుపు తిరిగాను. రెండో అంతస్తులో ఏడో మెట్టు మీద మోకాలు ఇంక నా వల్ల కాదంది. పడిపోతున్నాననుకున్నాను. చెయ్యి నన్నడక్కుండానే జేబులోంచి వచ్చి రెయిలింగ్ పట్టుకుంది. గట్టిగా, వేళ్లు తెల్లబడేలా.

తలెత్తి చూశాను. వరండాలో ఎవరూ లేరు.

మిగిలిన మెట్లు రెయిలింగ్ పట్టుకునే ఈడ్చుకుంటూ ఎక్కి లోపలికెళ్లాను.

"ఎక్కేశారా? పాలు పొంగుతుంటే లోపలికొచ్చా. చూళ్లేదు" అంది, గట్టు తుడుస్తూ.

స్టవ్ చల్లగా ఉంది. గట్టు మీద గిన్నె కూడా లేదు. ముప్పై ఏళ్లుగా కోతలు కోస్తున్నవాణ్ణి, ఇంత చేతకాని అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. కుర్చీ లాక్కుని కాలు చాపి కూర్చున్నాను.

ఫోన్ మోగింది. గుడివాడ.

"బండి ఇవ్వడం లేదురా" అంది ఆవిడ. "మీ బావగారు రెండంతస్తులూ గాల్లో తేలినట్టు ఎక్కారు. నా కళ్లతో చూశా."

నేను చెప్పి ఉంటే గాల్లో దాకా వెళ్లేవాణ్ణి కాదు.