అంకుల్ మానేసిన కాఫీ

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మన తెలుగు పెద్దవాళ్లుండే రిటైర్మెంట్ కమ్యూనిటీకి నేను మేనేజర్‌ని. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, నోటి చలవతో ఇంతదాకా వచ్చాను. ఒకరోజు ఉదయం ఆ నోరే జారింది. డైనింగ్ హాల్లో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు వణికే చేత్తో కాఫీ కప్పు ఎత్తుతుంటే, "ఏంటంకుల్, సగం మీకు, సగం మా కార్పెట్‌కా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

మర్నాటి నుంచి ఆయన కాఫీకి రాలేదు. అడిగితే, "నిద్ర పట్టట్లేదయ్యా, మానేశా" అన్నారు. నమ్మేసి ఊరుకున్నాను. నెల తర్వాత ఆయన భార్య అసలు సంగతి చెప్పారు. "నిద్రకేం బాబూ, బానే పడుతోంది. నలుగురిలో కప్పు పట్టుకోవాలంటేనే ఆయనకి భయం."

వెంటనే పెద్ద మగ్గులో, తొణక్కుండా, సగం దాకా కాఫీ పోసి ఆయన గదికి తీసుకెళ్లాను.

"తప్పయిపోయింది అంకుల్."

"ఏదీ, ఇంకో జోక్ వెయ్యి."

మగ్గు ఆయన ముందుకు చాపాను. ఆయన అందుకుని, "నువ్వు కాస్త అటు తిరుగు" అన్నారు. తాగడం పూర్తయ్యేదాకా కిటికీలోంచి పార్కింగ్‌లో కార్లు చూస్తూ నిలబడ్డాను.