పొడపత్రి డబ్బా

మా మేనత్త షుగరు మాత్రలు పారేయడానికి సిద్ధంగా కూర్చుంది. డాక్టరు ఇచ్చిన మాత్రలతో పాటు ఆర్నెల్లుగా పొడపత్రి ఆకు పొడి కూడా మింగుతోంది. చీడికాడ దగ్గర వాళ్ళ చెరకు తోట కంచె నిండా ఆ తీగే. ఇంత తింటున్నా షుగరు తగ్గకపోగా ఓ పిసరు పెరిగింది. ఆ నెపం ఆవిడ మాత్రల మీద వేసింది. మేనకోడలు ఫార్మసీ చదువుతోంది కదా, అనకాపల్లి కాలేజీ లేబ్‌లో ఆకు మంచిదని తేలిస్తే మాత్రలు మానేస్తానని పంతం పట్టింది. మా అత్తతో వాదించి గెలిచినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

నాకు మాత్రం ఒకటే సంబరం. ప్రాజెక్టుకి విషయం దొరికింది, అదీ మా ఇంటి విషయం. అత్త రోజూ తినే పొడినే డబ్బాతో సహా బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా నా పేరు ముందు డాక్టరు అని పెట్టి చదువుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

మొదటి పరీక్ష చాలా తేలిక. పొడి నానబెట్టి వడకట్టిన నీళ్ళలో నీలం మందు కలిపి వేడిచేయాలి, చక్కెర ఉంటే ఇటుక రంగు వస్తుంది. నాది వచ్చింది. మామూలు ఇటుక కాదు, బట్టీలోంచి అప్పుడే తీసిన ఇటుక. గాజు గొట్టాలు కడిగి మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. మూడోసారి కూడా అలాగే వచ్చేసరికి మా మేడం వచ్చి, ఇది మందా, పరమాన్నమా అని అడిగింది. లేబ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ లోపల నా డాక్టరు బిరుదు బస్సు దిగి వెళ్ళిపోయింది.

హాస్టల్లో చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నాను. చేదు. తీపి అన్న ఊసే లేదు. ఆ తర్వాత నోట్లో వేసుకున్న బిస్కెట్టు కూడా అట్టముక్కలా ఉంది. అది వింతేమీ కాదు. పొడపత్రి నమిలితే కాసేపు నాలుకకి తీపి తెలియదు. చిన్నప్పుడు ఆ ఆకు నమిలి, పంచదార నోట్లో పోసుకుని, ఇసుక తింటున్నామని గెంతేవాళ్ళం.

సరే, పచ్చి ఆకులే కావాలని ఫోన్ చేస్తే అత్త బస్సు కండక్టరు చేతికిచ్చి ఓ మూట పంపింది. నీడన ఆరబెట్టి నేనే పొడి చేసి చూశాను. ఈసారి నీలం కాస్త పచ్చబడిందంతే, ఇటుక జాడే లేదు. తప్పు ఆకుది కాదు, డబ్బాది. ఆ సంతోషంలో బీకరు చేత్తో పట్టుకునే రెండడుగులు చిందేశాను.

ఆదివారం పొద్దున్నే ఊరెళ్ళాను. అత్త అప్పటికే మాత్రలన్నీ ఓ కవర్లో వేసి గుమ్మం దగ్గర పెట్టుకుంది, నేను ఊ అంటే చాలు. ఆకు ఒంట్లో పనిచేస్తుందని గాజు గొట్టం చెప్పలేదని ముందే చెప్పేశాను. తర్వాత, పొడిలో ఇంకేమైనా కలుపుతున్నారా అని అడిగాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడకి భుజం నొప్పి, పొడి దంచేది మావయ్యే. ఆయన నలభై ఏళ్ళుగా బెల్లం వండుతున్న మనిషి. చేదు మందు మింగినవాళ్ళ నోట్లో బెల్లం ముక్క పెట్టకపోతే ఆ ఇంట్లో పాపం. ఆయన తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు, ఇంటి చూరు చూశాడు.

"సేదుకి మీ అత్త మొకం సిట్లించుకుంతంటే సూళ్ళేకపోనాను," అన్నాడు చివరికి. "రోట్లో సిన్న ముక్క ఏసేను."

ఎంత చిన్నదని అడిగితే పిడికిలి చూపించాడు.

నాకు నవ్వాగలేదు, గోడ పట్టుకున్నాను. మావయ్యకీ నవ్వొచ్చింది గానీ భయంతో మింగేశాడు. అత్త నవ్వలేదు. మాత్రల కవరు మెల్లగా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. షుగరొచ్చిన దగ్గర్నుంచీ బెల్లం ముట్టలేదని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్న మనిషి. కళ్ళు చెమర్చి ఆయన వైపు తిరిగింది.

"ఆర్నెల్ల నుంచి నాకు బెల్లం ఎడతన్నావా? ఒక్క రోజైనా దాని తీపి నాకు దక్కనేదు గదయ్యా."