కొంగులో చుట్టిన రక్తం

మాది డుంబ్రిగుడ దగ్గర కొండ మీది ఊరు. కిందటి చలికాలం నాటికే మా అమ్మ నన్ను గుర్తుపట్టడం మానేసింది. ఎందుకిలా అయిందో చెప్పేవాళ్ళు లేక కుమిలిపోతున్నప్పుడు విశాఖ నుంచి ఒక నర్సు వచ్చింది. రక్తంలో ఆర్‌ఎన్‌ఏ అనేది ఉంటుందనీ, దాన్ని పరీక్షిస్తే మెదడుకు పట్టిన జబ్బేదో కొంత తెలియవచ్చనీ, వేడి తగిలితే మాత్రం అది పాడైపోతుందనీ చెప్పింది. అమ్మ రక్తం తీసి, ట్యూబును ఐసు పెట్టెలో పెట్టింది. దాన్ని తీసుకెళ్ళే జీపు వచ్చిందేమో చూడడానికి నర్సూ నేనూ రోడ్డు దాకా వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి పెట్టె మూత తీసి ఉంది. అమ్మ పొయ్యి పక్కన కూర్చుని, ఆ ట్యూబును కొంగులో చుట్టి, గుండెకు హత్తుకుని ఊగుతోంది. చలికి ముడుచుకున్న కోడిపిల్లల్ని ఒకప్పుడు అలాగే కాచేది.

"ఏటి సేసినావమ్మా!" అని అరిచాను.

"అరవకే. మంచులో ఎట్టేసినారు, పిల్ల సల్లారిపోనాది" అంది.

నర్సు ట్యూబు పట్టుకు చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకో ట్యూబు లేదంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేనంది. నేను నేల మీద కూలబడి తల బాదుకున్నాను. అమ్మ నా చేతులు పట్టుకుని ఆపింది.

"ఎవులమ్మా నువ్వు? నీ సేతులూ సల్లగున్నాయి" అంటూ వాటినీ కొంగులోకి లాక్కుంది.

ఆమె జబ్బు పేరు నాకింకా తెలియదు. నా పేరు ఆమెకూ తెలియదు.