ఏ పక్క కొడతావని అడిగాను

మోకాలి నొప్పి మా ఇద్దరికీ ఉంది. నేను కుంటుతూ వెళ్తే, "గల్లాపెట్టె దగ్గర కూర్చుని కూర్చుని పట్టేసింది శావుకారికి" అని నవ్వుతారు. వాడు కుంటుతూ వస్తే పక్కకి జరిగి దారిచ్చి, "ఆటలో తగిలిన దెబ్బ" అంటారు. చిన్నప్పటి స్నేహితుడు కాబట్టి నేను "వాడు" అంటున్నాను. చీపురుపల్లి బజారంతా "ఆయన" అంటుంది. నాకు ఇదే బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉండి కూడా ఆ గౌరవం దక్కలేదు.

ఒకే బళ్ళో చదివాం, ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడాం. నేను గోల్‌కీపర్‌ని. కొట్లో పుట్టినవాణ్ణి, ఉన్నచోట నిలబడి వచ్చిన సరుకు పట్టుకోవడం ఒక్కటే చేతనవును. వాడు రైలుకట్ట అవతలి పేట నుంచి బూట్లు లేకుండా వచ్చేవాడు. ప్రాక్టీసులో వాడు కొట్టిన బంతి నేను ఒక్కటంటే ఒక్కటి ఆపలేదు. వాడు రాష్ట్రం జట్టుదాకా వెళ్ళాడు. నేను మా నాన్న కుర్చీదాకా వెళ్ళాను.

ఆట మానేసి ఊరొచ్చాక కుదురుగా ఉంటాడనుకున్నాను. ఉంటేనా! పేట వాళ్ళు శ్మశానానికి వెళ్ళే దారిని ఒక పెద్ద రైతు కంచె వేసి మూసేస్తే, పేటనంతా తీసుకొచ్చి ఆ కంచె ముందు కూర్చోబెట్టాడు. మధ్యవర్తిగా నన్ను పంపారు, బేరం నాకొచ్చినట్టు ఇంకెవరికీ రాదని. రైతును కాలిబాటకి ఒప్పించి, మీసం దువ్వుకుంటూ వాడి దగ్గరికి వెళ్ళాను.

"కాలిబాట ఏటి సేసుకోమంటావు?" అన్నాడు.

"ముందు ఇచ్చింది తీసుకోరా. తర్వాత కొంచెం కొంచెం జరుపుకుందాం."

"పాడె నలుగురు మోస్తార్రా శావుకారూ. కాలిబాట మీద ఒకడెనక ఒకడు నడిస్తే సచ్చినోడు కింద పడిపోతాడు. బండి దారే కావాల."

బండి దారే వచ్చింది. అడిగింది ఒక్క పిసరు తగ్గించకుండా గెలిచిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నా వృత్తినే ఎవరో తిట్టినట్టనిపించింది.

ఈమధ్య వర్తక సంఘం వాళ్ళు వాడికి సన్మానం తలపెట్టారు, ఆటకీ ఇలాంటి పోరాటాలకీ కలిపి. ఏళ్ళ తరబడి సంఘంలో ఉన్న నా భుజం మీద ఒక తువ్వాలైనా ఎవరూ కప్పలేదు. పైగా శాలువా కొనే పని నాకే అప్పజెప్పారు. విజయనగరం వెళ్ళి, జరీ అంచుది చూసి, పగవాడి ఇంటి పెళ్ళికి కొంటున్నట్టు బేరమాడాను. ఆఖర్న ఒకసారి అద్దం ముందు కప్పుకుని చూసుకున్నాను.

"సన్మానం తమరికేనాండీ?" అన్నాడు కొట్టతను.

"మడతపెట్టు," అన్నాను.

సభ కాలేజీ గ్రౌండులో. ప్రసంగాలకి ముందు వాడు సరదాగా ఒక పెనాల్టీ కొట్టాలని సంఘం కోరింది. "గోల్లో మా శావుకారుంటే కొడతాను" అన్నాడట. ఆ మాట చెవిన పడ్డప్పట్నించి నాకు అన్నం సయించలేదు. ఊరంతా చూస్తుండగా వాడి బంతి ఒక్కటి ఆపితే చాలు. ఇక ఎన్ని శాలువాలు కప్పినా ఓర్చుకోగలను. నా మొహంలో ఏదో కనిపించినట్టుంది, సంఘం అధ్యక్షుడు నన్ను పక్కకి లాగాడు.

"బావా, బంతి వదిలీ. పండగ పాడుసేయకు."

"ఆమాత్రం నాకు తెలీదేటి?" అన్నాను, ప్యాంటు మడతపెట్టుకుంటూ. ప్రాణం పోయినా వదిలే ఉద్దేశం లేదు.

వాడు బంతి పెట్టడానికి వంగాడు. మోకాలు పట్టేసింది. ఆసరా ఇస్తున్నట్టు దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి అడిగాను.

"ఏ పక్క కొడతావురా?"

"నీ కుడి పక్కకి."

గోల్లోకి తిరిగి వస్తూ నవ్వుకున్నాను. మా బజారులో మొదటి మాట ఎవరూ నమ్మరు. "నాకొద్దు" అని మెట్లు దిగిపోయిన ఆవిడ ఆ బిందె కోసమే వెనక్కి వస్తుంది. "ఈ ధరకి నాకే గిట్టదు తల్లీ" అని ఒట్టేశాకే మేమూ తగ్గించడం మొదలుపెడతాం. వాడు కుడి అన్నాడంటే అది ఎడమే. ఈల వేశారు. ఉన్న ఒళ్ళంతా ఎడమ పక్కకి విసిరేశాను.

బంతి కుడి పక్క నుంచి వెళ్ళింది. వెళ్ళడమంటే, నడుచుకుంటూ వెళ్ళింది. వాడి మోకాలికి అంతకన్నా బలం లేదు. నేను నిలబడ్డచోటే ఉండి కాలు చాపితే ఆగిపోయేది. దుమ్ములో పడుకుని, అది గీత దాటడం తీరిగ్గా చూశాను.

వాడొచ్చి చెయ్యి అందించాడు.

"నిజం ఎందుకు చెప్పావురా?"

"అడిగినావు కదేటి?" అన్నాడు, నాకేదో దెబ్బ తగిలి మతి పోయిందేమో అన్నట్టు చూస్తూ.

ఈలోగా అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. మన శావుకారు స్నేహితుడి కోసం గోలు వదిలేశాడనీ, అంత పెద్ద మనసు ఎవరికుంటుందనీ చెప్పాడు. చప్పట్లు మోగాయి. అచ్చంగా నాకోసం మోగాయి. నాది కాని సరుకు నా కొట్లో దింపి వెళ్ళినట్టుంది. వెనక్కి పంపబుద్ధి కాలేదు. నాలుగు వైపులా తిరిగి దండాలు పెట్టాను. శాలువా కప్పించుకుని వాడు మైకు పుచ్చుకునేదాకా ఆ సుఖం అనుభవించాను.

"ఆడు వదల్నేదండి," అన్నాడు వాడు. "ఆపీద్దామనే దూకినాడు. ఇక్కడ అందరూ నన్ను పెద్దమనిషిలాగ సూస్తన్నారు. ఆడొక్కడే ఇంకా ఆటగాడిలాగ సూసినాడు. నాకదే బాగున్నాది."

అంతకన్నా నిజం ఆ సభలో ఎవరూ చెప్పలేదు. నా పక్క కుర్చీలో ఉన్న బట్టల కొట్టాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"సూడండి, ఎంత మంచోడో! మిమ్మల్ని కూడా ఆటగాణ్ణి సేసీసినాడు."

"నేను నిజంగానే ఆపడానికే దూకానండీ."

"ఊరుకోండి మావా, ఆయన గొప్పతనం ఆయన్ది. సప్పట్లు కొట్టండి."

గ్రౌండంతా కొడుతోంది. వాడు వేదిక మీద నుంచి నా వైపే చూస్తున్నాడు. ఇక తప్పక, గీరుకుపోయిన అరిచేతులతో నేనూ కొట్టాను.