దేవుడు ఖాళీ చేసిన గుళ్లు

ఖరగ్‌పూర్ నుంచి ఆద్రా పోయే ప్యాసింజరు తెల్లవారకముందే బయలుదేరుతుంది. తేల్‌కుపి గుళ్లు చూడాలనుకునేవాళ్లు ఆ బండే ఎక్కాలి, అదీ నడివేసవిలోనే ఎక్కాలి. మిగతా కాలాల్లో అక్కడ నీళ్లు తప్ప చూడ్డానికేమీ ఉండదు. దామోదర్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు ఊరూ, ఊళ్లోని పాతకాలపు రాతిగుళ్లూ మునిగిపోయాయి. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి తగ్గితే ఒకటో రెండో బయటపడతాయి. ఎనభై ఎనిమిది మే నెలలో, మా బడికి సెలవులిచ్చాక ఒక శనివారం, గోల్‌బజార్‌లో కొన్న పాత మిలిటరీ సంచులు వీపున తగిలించుకుని నేనూ మా ఆయనా బయలుదేరాం.

మా సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పేరు సింహాచలం. మనిషి పేరే ఒక పుణ్యక్షేత్రం. నా పేరు మార్త, తెలుగు బడిలో టీచర్ని. మా తాతల నాడే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవులం. మేమిద్దరం రిజిస్టరు పెళ్లి చేసుకున్నాం. దాంతో మా చర్చి పెద్దలు నన్ను ప్రభువు బల్లకి, అందరూ రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకునే చోటికి, దూరం పెట్టారు. సింహాచలం వాళ్లమ్మ దేవుడి గది తలుపు నా మొహం మీదే మూసింది. అప్పుడు ఇద్దరం రోషంతో ఒక ఒప్పందానికి వచ్చాం. నేను చర్చికి పోను, తను గుడికి పోడు. అనుకోవడం తేలికే. ఆ తరవాత ప్రతి పండక్కీ ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని ఎక్కడికో వెళ్తుంటే, మేమిద్దరం క్వార్టర్లో కూర్చుని ఉల్లిపాయలు తరుక్కునేవాళ్లం.

పెళ్లయిన కొత్తలో ఒకసారి మేదినీపూర్ అవతల, కంసావతి ఒడ్డున తిరుగుతుంటే వాన పట్టుకుంది. పాడుబడ్డ గుడి కనిపిస్తే అందులోకి పరిగెత్తాం. లోపల విగ్రహం లేదు, గబ్బిలాలే ఉన్నాయి. వాన వెలిసేదాకా ఒక కప్పు కింద పక్కపక్కన నిలబడ్డాం. "ఇది దేవుడు ఖాళీ చేసిన క్వార్టరు. ఇక్కడ మనల్ని ఎవులూ ఏటీ అనరు," అన్నాడు సింహాచలం. ఆ రోజు నుంచి రైల్వే పాసు చేతికి రావడం ఆలస్యం, పాడుబడ్డ గుళ్లే మాకు తీర్థాలు. కోణార్క్ చూశాం, హంపి చూశాం, ఖజురాహో చూశాం. ఏ గుళ్లో దీపం వెలుగుతోందని తెలిస్తే ఆ గుమ్మం తొక్కేవాళ్లం కాదు.

బండి గఢ్‌బేతా దాటాక మట్టిపిడతల్లో టీ తాగాం. ఎదురుగా ఒక పెద్దాయన, రిటైరైన డ్రైవరు, బాంకుడాలో కూతురింటికి వెళ్తున్నాడు. మా తెలుగు విని దగ్గరికి జరిగాడు.

"ఎవుల తాలూకమ్మా మీరు?"

"మాదీ ఖరగ్‌పూరే తాతా," అన్నాను.

"అది కాదమ్మా. గుడి తాలూకా, చర్చి తాలూకా అని."

"ఎవుల తాలూకూ కాదు. మాకు మేమే," అన్నాడు సింహాచలం.

"అలగైతే కష్టమే బాబూ," అన్నాడు పెద్దాయన జాలిగా. చెరో అరటిపండూ ఇచ్చాడు. పండు తియ్యగానే ఉంది గానీ నేను సగమే తిన్నాను.

పదకొండుకి ఆద్రాలో దిగాం. అక్కణ్నుంచి రఘునాథ్‌పూర్‌కి ఒక బస్సు, చెలియామాకి మరో బస్సు. రెండోదాంట్లో మనుషులతో సమానంగా మేకలు కూడా ఎక్కాయి. చెలియామాలో మరమరాలూ, ఘుగ్నీ అనే బఠాణీల కూరా తిని, దొరికినన్ని నీళ్లు పట్టుకున్నాం. వెళ్లేవాళ్లు నీళ్లు మరవకండి, దారిలో చెట్టు నీడ కూడా దొరకదు. జలాశయం గట్టు దాకా తోపుడు రిక్షా వస్తుంది, ఆపైన బీటలు వారిన బురదనేల మీద నడకే. అలా నడుస్తుంటే కాళ్ల కింద ఇళ్ల పునాదులు కనిపించాయి. ఒకచోట రోలు కూడా ఉంది. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచాం.

గుడి నీళ్ల అంచున నిలబడి ఉంది. నల్లరాయి, పొడుగాటి శిఖరం, నడుము దాకా పాచి మరక. దగ్గరికి వెళ్లేసరికి లోపల దీపం వెలుగుతోంది.

ఒక ముసలమ్మ రాతికి నూనె రాసి సిందూరం పెడుతోంది. మునిగిపోయిన ఊరిదేనట. నీళ్లు తగ్గిన ప్రతి వేసవీ గట్టు మీది కొత్త ఊరి నుంచి నడిచి వస్తుందట. "ఇల్లు పోయింది, పొలం పోయింది. మా ఠాకూర్ దేవుడు ఎక్కడికి పోతాడు బాబా?" అని బెంగాలీలో అంది.

ఇక వెనక్కి తిరుగుదామని చెప్పడానికి మా ఆయన వైపు చూశాను. పక్కన లేడు. చెప్పులు మాత్రం ఉన్నాయి. తను కాలే నేల మీద వట్టికాళ్లతో లోపలికి వెళ్లిపోయాడు. రెండు చేతులూ తల మీదికెత్తి జోడించాడు. పెదవులు కదులుతున్నాయి. తొమ్మిదేళ్ల కాపురంలో ఆ మాటలు నేనెప్పుడూ వినలేదు. ఒక్కటి కూడా తడుముకోకుండా వస్తున్నాయి. మానేసిన మనిషి దండం అలా ఉండదు.

"నువ్వూ రా తల్లీ," అని ముసలమ్మ చెయ్యి చాపింది.

"మీరు కానివ్వండి. నేను చెప్పుల దగ్గరుంటాను," అన్నాను.

బయట నిలబడ్డాను. ముందు ఒళ్లు మండింది. ఒప్పందం తప్పాడని కాదు, నన్ను వదిలేసి వెళ్లాడని. తరవాత ఏడుపొచ్చింది. నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగిన ఇన్నేళ్లూ ఇతను ఎన్ని మొక్కులు మింగాడో అనిపించింది. ఆ నీళ్ల ఒడ్డున నాకంటే ఒంటరి మనిషి లేదనుకున్నాను. లోపలున్న మనిషి ఇన్నాళ్లూ అంతకంటే ఒంటరిగా ఉన్నాడని అప్పుడే తెలిసింది.

ఆఖరి బస్సుకి రఘునాథ్‌పూర్ చేరి లాడ్జిలో పడుకున్నాం. అన్నం, పప్పు, చేపల పులుసు బాగానే పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం ఆద్రాలో తిరుగు బండి ఎక్కాం. బిష్ణుపూర్ దాటాక చోటు దొరికి పక్కపక్కన కూర్చున్నాం.

"ఎన్నాళ్ల నుంచి?" అనడిగాను.

"ఏటి?"

"దండం పెట్టుకోవాలని."

కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "మొదట్నించీ. నీకు కష్టంగా ఉంటాదని ఊరుకున్నాను."

"నాతో సెప్పకూడదేటి?"

"నువ్వు సెప్పినావా? నాను నైట్ డ్యూటీకి ఎల్తుంటే, గుమ్మం దాటక ముందే కుళాయి తిప్పేసి ఆ సప్పుడులో కీర్తనలు పాడతావు. నాకు ఇనబడదనుకున్నావా?"

తన చెయ్యి వెతికి పట్టుకున్నాను. తిరిగి తిరిగి నాకు తెలిసిందేమిటంటే, మనుషులు ఖాళీ చేసిన ఊళ్లుంటాయి గానీ పూర్తిగా ఖాళీ అయిన గుడి ఉండదు. ఎవరో ఒకరు నూనె పట్టుకుని వస్తూనే ఉంటారు. మేం ఇద్దరం కలిసి నిలబడడానికి ఇక చోటెక్కడ దొరుకుతుందో మాత్రం తెలియలేదు.

ఖరగ్‌పూర్‌లో దిగేసరికి దీపాలు పెట్టారు. క్వార్టరుకి రిక్షా కట్టించుకున్నాం. దారిలో మా చర్చి ముందుకి వచ్చేసరికి సాయంత్రపు ఆరాధన మొదలైంది. పాట రోడ్డు మీదికి వినిపిస్తోంది.

"దాదా, ఇక్కడాపు," అన్నాడు సింహాచలం రిక్షా అతనితో. నా వైపు తిరిగి, "ఎల్లు," అన్నాడు.

"మాసిన చీరతోనా? పెద్దలు ఏటంటారో."

"అనాల్సింది ఎప్పుడో అనేసినారు. ఎల్లు మార్తా."

"మరి నువ్వు?"

"సంచులు సూసుకుంటాను."

వెళ్లి ఆఖరి బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ నన్ను గుర్తుపట్టింది. కొంచెం జరిగి, పాటల పుస్తకం నా వైపు పెట్టింది. రెండో చరణానికి నా గొంతు అందరితో కలిసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒంటరిదాన్ని కాననిపించి కళ్లు తుడుచుకున్నాను. కిటికీ అవతల రిక్షాలో మా ఆయన రెండు సంచులూ ఒళ్లో పెట్టుకుని, తలుపు వైపే చూస్తూ, ఒక్కడే కూర్చుని ఉన్నాడు.